‘పబ్లిక్ ఛార్జ్’ని తెలుగులో ‘ప్రజాభారం’ అనొద్దు

అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు అప్లై చేసేవాళ్ళ కోసం తెలుగులో ఒక కరపత్రం వేస్తున్నామని, అందులో ‘పబ్లిక్ ఛార్జ్’ అన్న మాట దగ్గర ఆగిపోయామని గ్రూపులో ఒకరు అడిగారు. బతకడానికి ప్రభుత్వ సాయం మీద ఆధారపడే మనిషిని అమెరికా వలస చట్టం పిలిచే మాట అది, అలా అయ్యేలా ఉన్నారనుకుంటే గ్రీన్‌కార్డు ఇవ్వరు. ఎక్కువమంది ‘ప్రజాభారం’ అన్నారు, ఇంకొందరు ‘ప్రభుత్వానికి భారం’ అన్నారు. రెండూ వద్దని నా గట్టి అభిప్రాయం. కారణం చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మాట పుట్టుక. ఇంగ్లండులో పేదల్ని పోషించే బాధ్యత స్థానిక చర్చి పరిధిది, దాన్నే పారిష్ అనేవాళ్ళు. కొత్తగా వచ్చినవాడి తిండి ఖర్చు పారిష్ ఖాతాలో పడేలా ఉంటే అతన్ని పాత ఊరికి తిప్పి పంపెయ్యొచ్చని 1662 నాటి చట్టం చెప్పింది. అమెరికా కాలనీలు ఈ పద్ధతినే అందుకున్నాయి. 1882 ఆగస్టులో చెస్టర్ ఆర్థర్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వచ్చిన వలస చట్టం (దిగిన ప్రతి పరాయి దేశస్థుడి మీదా 50 సెంట్ల పన్ను వేసింది కూడా అదే) పబ్లిక్ ఛార్జ్ కాకుండా తనను తాను చూసుకోలేనివాణ్ణి దిగనివ్వొద్దంది. 1891 చట్టం ఇంకో అడుగు వేసి ‘అయ్యే అవకాశం ఉన్నవాళ్ళు’ అని రాసింది. ఇక్కడే కిటుకంతా ఉంది. చూసుకోలేకపోవడం కంటికి కనిపిస్తుంది, అవకాశం మాత్రం చూసే అధికారి బుర్రలో ఉంటుంది.

ఆ మాటకి అర్థం ఏమిటో అప్పటినుంచి ఇప్పటిదాకా కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) రాయలేదు. వయసు, ఆరోగ్యం, కుటుంబం, ఆస్తి, చదువు లాంటివి చూడాలని మాత్రం 1996లో చేర్చింది. రాయని చోటంతా వైట్‌హౌస్‌లో ఎవరుంటే వాళ్ళు నింపుకుంటూ వచ్చారు.

1930 సెప్టెంబరులో అధ్యక్షుడు హూవర్ చేసిన పని చూడండి. దేశం ఆర్థిక మాంద్యంలో కూరుకుపోతోంది, ఉద్యోగాల్లేవు, వలసలు ఆపాలి. దానికి ఆయన కొత్త చట్టం అడగలేదు. ఈ మాటనే కఠినంగా పట్టుకోమని విదేశాల్లోని కాన్సులేట్లకి ఆదేశం వెళ్ళింది, వీసాలు ఒక్కసారిగా పడిపోయాయి. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. 1933 తర్వాత హిట్లర్ జర్మనీ నుంచి పారిపోవాలనుకున్న యూదులకి అడ్డుపడ్డవాటిలో ఇదొకటి. జర్మనీకి ఏడాదికి సుమారు 26 వేల వీసాల కోటా ఉన్నా కొన్నేళ్ళపాటు అది నిండనే లేదు, రూజ్‌వెల్ట్ వచ్చాక కూడా చాలాకాలం ఇదే తీరు. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

తర్వాత క్లింటన్. ఇప్పుడున్న రూపంలో వెల్ఫేర్‌ని (పేదలకి ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని) అంతం చేస్తానని 1992లో ప్రచారం చేసి, 1996 ఆగస్టులో ఆ చట్టం మీద సంతకం పెట్టారు. చట్టం పేరులోనే ‘వ్యక్తిగత బాధ్యత’ ఉంది. చట్టబద్ధంగా వచ్చిన వలసదారులకి కూడా చాలా ఫెడరల్ పథకాలు అయిదేళ్ళదాకా అందకుండా పోయాయి. అందాల్సినవాళ్ళు కూడా ‘పబ్లిక్ ఛార్జ్ అంటారేమో’ అని పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళడం మానేస్తున్నారని తేలాక, ఆయన ప్రభుత్వమే 1999లో ఒక వివరణ ఇచ్చింది: బతకడానికి ప్రధానంగా నగదు సాయం మీదో, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం ఏదైనా సంస్థలో ఉండటం మీదో ఆధారపడితేనే లెక్క, మామూలు వైద్యం, ఫుడ్ స్టాంపులు (తిండి సరుకులకి ఇచ్చే సాయం) లెక్కలోకి రావు అని. ఇరవై ఏళ్ళు అదే నడిచింది.

2019లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని తిరగరాసింది. 36 నెలల్లో మొత్తం 12 నెలలకి మించి ఫుడ్ స్టాంపులో, అత్యవసరం కాని మెడికెయిడ్ (పేదలకి ఇచ్చే వైద్య సాయం) చాలావరకో, ఇంటి అద్దె సాయమో తీసుకుంటే పబ్లిక్ ఛార్జ్ అంది. ఒకే నెలలో రెండు సాయాలు అందితే రెండు నెలలుగా లెక్క. భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళు గమనించాల్సిన సంగతి కూడా అప్పుడే జరిగింది. అలసినవాళ్ళని, పేదవాళ్ళని రమ్మని పిలిచే పద్యం స్టాట్యూ ఆఫ్ లిబర్టీ పీఠం లోపల ఉంటుంది. వలస సేవల విభాగం అధిపతి రేడియోలో ఆ పద్యానికి ‘సొంత కాళ్ళ మీద నిలబడగలిగి, పబ్లిక్ ఛార్జ్ కానివాళ్ళు’ అన్న అర్థం వచ్చే మాటలు కలిపి చెప్పారు. పద్యం రాసింది 1883లో, అంటే ఆర్థర్ కాలం నాటి ఆ మొదటి చట్టం వచ్చిన మరుసటి ఏడాది. రెండూ దాదాపు ఒకే వయసువి, అవి చెప్పేది మాత్రం ఒకటి కాదు.

2021 మార్చిలో బైడెన్ ప్రభుత్వం ఆ రూల్ తరఫున కోర్టుల్లో వాదించడం మానేసింది, అది పోయింది. 2022లో తెచ్చిన కొత్త రూల్ దాదాపు 1999 అర్థానికే తిరిగొచ్చింది.

ఇప్పుడు తెలుగుకి వస్తాను. మన పెద్దవాళ్ళకి ‘భారం’ అన్న మాట ఎంత గుచ్చుకుంటుందో మనకి తెలుసు. ‘అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం’ అని రోజూ దేవుడి ముందు కోరుకునే తరం అది. ఎవరి మీదా పడి తినకూడదు, ఎవరికీ భారం కాకూడదు, అదే వాళ్ళ దిగులంతా. అలాంటి మనిషి చేతిలో ‘మీరు ప్రజాభారం అయితే గ్రీన్‌కార్డు రాదు’ అన్న కాగితం పెడితే, రూల్ ఏం లెక్కిస్తుందో ఏం లెక్కించదో చదవకుండానే డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేస్తారు. నేను భయపడేది దీనికే. 2018 చివర్లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ సర్వే చేస్తే, గ్రీన్‌కార్డుకి ఇబ్బంది అవుతుందన్న భయంతో తామో ఇంట్లోవాళ్ళో సాయానికి దూరంగా ఉన్నామని వలస కుటుంబాల్లోని పెద్దల్లో దాదాపు ఏడుగురిలో ఒకరు చెప్పారు. అప్పటికి ఆ రూల్ ప్రతిపాదన మాత్రమే, అమల్లోకే రాలేదు.

నా ప్రతిపాదన: ‘ప్రభుత్వ పోషణ మీద బతికే వ్యక్తి’. పొడుగే, ఒప్పుకుంటాను. కానీ చట్టం అడిగే ప్రశ్న ఇందులో కనిపిస్తుంది: పోషిస్తున్నది ఎవరు, ఏ రూపంలో, ఎంతకాలం?

వ్యాఖ్య: భారం అంటే బరువు, ఖర్చు, బాధ్యత అన్నీ వస్తాయి కదండీ. ఇంగ్లీషు మాటలోనూ చిన్నచూపు ఉంది. దాన్ని మెత్తబరిస్తే మూలానికి అన్యాయం చేసినట్టు కాదా?

జవాబు: చిన్నచూపు ఉన్నది చరిత్రలో అండీ, అదీ అన్ని కాలాల్లో ఒకేలా లేదు. ఇంగ్లీషులో ‘ఛార్జ్’ అంటే ఒకరి సంరక్షణలో ఉన్న మనిషి అన్న అర్థం కూడా ఉంది, దాది చేతిలోని పసిబిడ్డని కూడా ఆ మాటతోనే అంటారు. మన ఇన్‌ఛార్జిలో ఉన్నదీ ఆ బాధ్యతే. ‘భారం’ అనగానే ఆ సగం పోతుంది, విసుగు మాత్రమే మిగులుతుంది. 2019 అర్థాన్ని సమర్థించేవాళ్ళు భారం అనొచ్చు, అది వాళ్ళ వాదన, వ్యాసంలో రాసుకోవచ్చు. కరపత్రం చదివేవాళ్ళకి కావలసింది వాదన కాదు, సమాచారం.

వ్యాఖ్య: అన్నా, 2020 అక్టోబరులో ఇండియా ఈబీ-3 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక కేటగిరీ) డేట్లు ఒక్కసారి ముందుకు జరిగినప్పుడు మేమంతా గ్రీన్‌కార్డు అప్లికేషన్ ఐ-485తో పాటు ఐ-944 అనే ఫారం కూడా నింపాం. దాని పేరే స్వయంసమృద్ధి ప్రకటన లాంటిది. క్రెడిట్ స్కోరు, అప్పులు, ఇంటి విలువ అన్నీ అడిగారు. ఏళ్ళ తరబడి టాక్స్ కడుతున్న మాకు ఆ టెన్షన్ ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

జవాబు: ఈ సంగతి రాసినందుకు థాంక్స్ తమ్ముడూ, ఆ ఫారం చాలామంది మర్చిపోయారు. అది అడిగింది 2020 ఫిబ్రవరి నుంచి 2021 మార్చి దాకానే. ఆ గడువుకి ముందో వెనకో అప్లై చేసినవాడికి ఆ కాగితమే లేదు. అధ్యక్షుడు మారితే ఒక మాట అర్థం మన ఇంటి బీరువాలోని కాగితాల దాకా ఎలా వస్తుందో చూపించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకదు.

వ్యాఖ్య: చట్టాలు చేసేది కాంగ్రెస్, కొట్టేసేది కోర్టులు. అంతా అధ్యక్షుడి చేతిలోనే ఉన్నట్టు రాశారు.

జవాబు: కోర్టుల పాత్ర ఉంది. 2019 రూల్‌ని కింది కోర్టులు ఆపితే, 2020 జనవరిలో సుప్రీంకోర్టు 5–4 తేడాతో అమలుకి దారి ఇచ్చింది. 1915లో కూడా, పోర్ట్‌లాండ్‌లో పనులు దొరకడం లేదన్న కారణంతో కొందరు రష్యన్లని పబ్లిక్ ఛార్జ్ అంటే, ఊళ్ళో పనుల్లేకపోవడం ఆ మనిషి లోపం కాదని అదే కోర్టు చెప్పింది. కానీ జనం చర్చకి మాటలు అందించేది మాత్రం అధ్యక్షుడే అని నేనంటాను. 1964లో జాన్సన్ ‘పేదరికం మీద యుద్ధం’ అన్నారు, అంటే శత్రువు పేదరికం. 1976 ప్రచారంలో రీగన్ షికాగోలో దొంగపేర్లతో వెల్ఫేర్ తీసుకున్న ఒకామె కథని సభ తర్వాత సభలో చెప్పారు, చర్చ పేదరికం మీద నుంచి మనిషి మీదకి జరిగింది. అధ్యక్షుడయ్యాక 1988లో ఆయనే కాంగ్రెస్ ముందు నిలబడి, ఆ యుద్ధంలో పేదరికమే గెలిచిందన్నారు. ఆ తర్వాత ‘వెల్ఫేర్’ అన్న మాటని గర్వంగా వాడిన పార్టీ అక్కడ నాకు కనిపించదు. మన దగ్గర ‘సంక్షేమం’ అన్నది ఇప్పటికీ అన్ని పార్టీలూ పోస్టర్ మీద వేసుకునే మాటే కదా. అందుకే అమెరికా వార్తల్లోని వెల్ఫేర్‌ని కళ్ళు మూసుకుని సంక్షేమం అని మార్చేస్తే మన పాఠకుడికి అక్కడి కోపం అర్థం కాదు.

వ్యాఖ్య: ‘పోష్యుడు’ అంటే ఎలా ఉంటుంది? పొట్టిగా ఉంది, ‘పోష్యవర్గం’ అన్న పాత మాట కూడా ఉంది.

జవాబు: మంచి మాట పట్టారండీ! పోష్యవర్గంలో తల్లిదండ్రులు, భార్య, పిల్లలు అందరూ వస్తారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, పోషించడం ధర్మం అనే అర్థం. నాకు చాలా ఇష్టం. కాకపోతే కరపత్రం చదివే పెద్దవాళ్ళలో ఎంతమందికి తెలుస్తుంది? నన్నడిగితే ‘ప్రభుత్వ పోష్యులు’ని వ్యాసాల్లో అలవాటు చేద్దాం, కరపత్రంలో పొడుగు మాటే ఉంచుదాం. ‘లబ్ధిదారు’ మాత్రం ఇక్కడ కుదరదు, పథకం తీసుకున్న ప్రతివాళ్ళూ పబ్లిక్ ఛార్జ్ కారు, గొడవంతా ఆ గీత దగ్గరే.

కరపత్రం వేసేవాళ్ళకి ఇంకో రెండు మాటలు. మెడికేర్ (ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళ ఆరోగ్య బీమా), మెడికెయిడ్ వేరువేరని మొదటి పేజీలోనే రాయండి, చాలామంది కలిపేస్తున్నారు. ఐ-864 (అమ్మానాన్నల్ని పోషిస్తామని ఇచ్చే హామీ పత్రం) మీద సంతకం పెట్టిన పిల్లల ఆదాయం సాధారణంగా పేదరిక గీతకి 125 శాతం ఉండాలన్నది ఈ మాటతో ముడిపడ్డ వేరే షరతు, దాన్ని విడిగా పెట్టండి. మాట పక్కన ఇంగ్లీషు ఉచ్చారణ ‘పబ్లిక్ ఛార్జ్’ తప్పకుండా ఉంచండి, ఇంటర్వ్యూలో వినిపించేది అదే. కాగితం అడుగున ఏ నెల, ఏ ఏడాది రూల్ ప్రకారం రాశారో తేదీ వెయ్యండి, లాయర్‌కి చూపించకుండా ప్రింటుకి ఇవ్వకండి.