తాగి వచ్చిన మనిషిని మీటింగులో కూర్చోనివ్వాలా?

బండల పని, ఎర్రగుంట్ల:

అందరికీ నమస్కారం. నేను కడప సెంట్రల్ జైల్లో శిక్ష పూర్తి చేసుకుని వచ్చిన మనిషిని. ఇప్పుడు ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నా. జైల్లో ఉన్నన్నాళ్ళు తాగలేదు కదా, ఇంక మానేసినట్టే అని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. లోపల మందు దొరకదు, అంతే. మానడం అనేది గేటు దాటినాకే మొదలైంది. "ఇన్నాళ్ళకి బయటపడ్డావు, ఈ ఒక్కరోజుకి ఏం కాదులే" అని సీసా తెచ్చినోళ్ళలో నాకు చెడు కోరేవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే వద్దనడం కష్టమైంది.

నా బ్యారక్‌లోనే ఉండి వచ్చిన ఇద్దరితో కలిసి ఆదివారం సాయంత్రాలు కూర్చోవడం మొదలుపెట్టాం. ఆ వారంలో ఎప్పుడు తాగాలనిపించిందో, అప్పుడేం చేశామో చెప్పుకుంటాం. సగం మాటలు శనివారం బట్వాడా గురించే. కూలి డబ్బు జేబులో పడిన గంటసేపే మా అందరికీ గండం. ఇప్పుడు అయిదుగురం అయ్యాం. ఒక పిల్లోడు గంజాయి కేసులో బెయిల్ మీద ఉన్నాడు.

పోయిన ఆదివారం మాలో ఒకాయన తాగి వచ్చాడు. గొడవేం చేయలేదు, గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. ఆ వాసనకి తనకూ మనసు లాగుతోందని పిల్లోడు లేచి వెళ్ళిపోయాడు. ఇంకొకాయనేమో "ఈయన్ని మనమే పంపిస్తే ఇంకెక్కడికి పోతాడు?" అన్నాడు. ఇద్దరి మాటా నాకు న్యాయంగానే అనిపించింది. ఇట్లాంటప్పుడు ఏం చేయాలి? వచ్చే నెల మాకు తెలిసిన ఇంకొకతను విడుదలవుతున్నాడు. ఆ లోపల దీనికో పద్ధతి పెట్టుకోవాలని ఉంది.

ప్రొద్దుటూరు అన్న:

తమ్ముడూ, నేను జైలుకి పోలేదు. తాగుడు మాత్రం ఏఏలోనే మానేశా. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చునే సంఘం. చాలా ఏళ్ళయింది. అది 1935లో అమెరికాలో మొదలైంది. చేరడానికి ఒకటే షరతు, తాగుడు మానాలనే కోరిక. మానేసి ఉండాలని కాదు. తాగి వచ్చినోడికీ ఆ కోరిక ఉండొచ్చు, లేకపోతే మీ దగ్గరికి ఎందుకొస్తాడు?

మా దగ్గర నడిచేది ఇది. తాగి వచ్చినాయన కూర్చోవచ్చు, వినొచ్చు, ఆ రోజు మాట్లాడే వంతు మాత్రం ఉండదు. గొడవ చేస్తే ఒకరు బయటికి తీసుకెళ్ళి టీ తాగించి, మీటింగ్ అయ్యాక ఇంటిదాకా దింపుతారు. బండి తాళం ఆయన చేతికివ్వరు. మందలింపు, ఓదార్పు ఏదీ ఆ పూట పెట్టుకోరు, తాగిన మనిషికి అవేవీ ఎక్కవు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేస్తారు. నా అనుభవంలో ఆ ఫోనే అన్నిటికన్నా ముఖ్యం. సిగ్గుతో ఆయన మళ్ళీ రాడు. మీరే పిలవాలి.

పిల్లోడు లేచిపోవడం తప్పు కాదు. తనని తను కాపాడుకున్నాడు, ఆ మాట అతనితో అనండి. కాకపోతే అట్లా వెళ్ళేవాళ్ళు ఒంటరిగా పోకుండా, వెంట ఒకరు నడవాలని ముందే మాట్లాడుకోండి.

మీలాంటి గుంపుకి ఇంకొకటి చాలా ముఖ్యం. కేసు సంగతులు మీటింగులో ఎవరూ చెప్పకూడదు, ఎవరూ అడగకూడదు. మనం వకీళ్ళం కాదు. మన దగ్గర చెప్పిన మాటకి కోర్టులో రక్షణ ఉండదు. బెయిల్ మీద ఉన్న పిల్లోడికి ఇది మరీ గట్టిగా చెప్పండి. వకీలుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయమనండి, అది న్యాయ సేవాధికార సంస్థ నంబరు. అప్పులు ఇచ్చిపుచ్చుకోవడం కూడా మొదటిరోజు నుంచే వద్దు. డబ్బు దగ్గర మాటొస్తే మనిషి రావడం మానేస్తాడు.

అనంత నర్సు:

అన్నా, మీ ప్రయత్నం చూస్తే చాలా సంతోషంగా ఉంది. వైద్యం వైపు నుంచి కొన్ని చెప్తా, దయచేసి పట్టించుకోండి.

రోజూ తాగే మనిషి మీ మాట విని రేపటినుంచి ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనిపించడం, వణుకు, మతి తప్పడం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. ఆ ఏడ్చినాయన మళ్ళీ రోజూ తాగుతున్నాడేమో కనుక్కుని, అలా అయితే ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి.

విడుదలయ్యే అతనిది ఇంకో సమస్య. లోపల ఉన్నన్నాళ్ళలో ఒంటికి అలవాటు తగ్గిపోయి ఉంటుంది. పాత లెక్కన తాగితే ఒళ్ళు తట్టుకోదు. మత్తు కోసం టాబ్లెట్లు, ఇంజెక్షన్లు వాడినవాళ్ళకి ఇంకా ముప్పు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో చేసిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. జైలు నుంచి వచ్చిన మొదటి రెండు వారాల్లోనే చావులు ఎక్కువని, వాటిలో డ్రగ్స్ మోతాదు మించి పోయినవాళ్ళే ఎక్కువమందని తేలింది.

ఇంకోటి. తాగితే వాంతులయ్యే మాత్ర, డైసల్ఫిరామ్, ఇంట్లోవాళ్ళు సంగటిలో, చారులో తెలియకుండా కలుపుతుంటారు. ఆ మాత్ర మీద తాగితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు. రోగికి తెలిసి, డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందు అది.

ఆసుపత్రికి వస్తే పోలీసులకి చెప్తారని గంజాయి పిల్లలు భయపడతారు. తక్కువ మోతాదు కేసులో ఉన్న బానిస తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వస్తే ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) 64ఏ సెక్షన్‌లో రక్షణ ఉంది. ఆ పిల్లోడికి అది వర్తిస్తుందో లేదో వకీలుని అడగమనండి. మత్తు మానడానికి 14446, మనసు బాగాలేనప్పుడు 14416, రెండూ ఉచితమే.

కడప చెల్లెలు:

అన్నా, మా ఇంటాయన కూడా అక్కడినుంచి వచ్చిన మనిషే. విడుదల రోజు గేటు దగ్గరికి మీరే వెళ్ళండి. ఆ రోజు జైల్లో పనిచేసిన కూలి డబ్బు చేతిలో ఉంటుంది, పాత స్నేహితులు ఆటో మాట్లాడుకుని వచ్చి ఉంటారు. మా ఆయన్ని వాళ్ళకంటే ముందు మా అన్న కలిశాడు కాబట్టి సరిపోయింది. డబ్బు ఇంటామె ఖాతాలో వేయించండి, ఆయన ఒప్పుకుంటేనే. ఇంటామెతో కూడా ఎవరైనా ఆడమనిషి మాట్లాడాలి. ఆయన కొంచెం ఆలస్యమైతే నోరు వాసన చూసే దశ మాకూ గడిచింది. అది ఇద్దరినీ తినేస్తుంది. కావాలంటే నేను మాట్లాడతా.

బండల పని, ఎర్రగుంట్ల:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇది చదివి తాగిన ఆయనకి ఫోన్ చేశా. మొదటిసారి ఎత్తలేదు, రెండోసారి ఎత్తాడు. రోజూ తాగుతున్నాడంట. గురువారం పని మానుకుని ఇద్దరం కడప రిమ్స్ ఆసుపత్రికి పోతున్నాం. పిల్లోడికి 15100 నంబరు ఇచ్చా. చెల్లెమ్మా, విడుదలయ్యే అతని భార్య ఒప్పుకుంది, మీకు మెసేజ్ పెట్టిస్తా. గేటు దగ్గరికి నేనూ, మొదటినుంచీ ఉన్న ఇంకొకాయనా వెళ్తాం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు ఎవరైనా మాతో కూర్చోవాలనుకుంటే ఇక్కడే మెసేజ్ పెట్టండి. ఏ కేసులో పోయి వచ్చారో అడగం.