వాలకం చూసి గే అని పోల్చుకోగలరా?

కృష్ణాతీరం: మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడు చేతులు తిప్పుతూ మాట్లాడతాడు, చెవికి పోగు పెట్టుకుంటాడు. నిన్న భోజనాల దగ్గర ముగ్గురు కలిసి "ఇతను ఆ రకమే" అని తేల్చేశారు. నిజంగా చూసి చెప్పగలమా?

పాతకాపు: చెప్పగలం. నడక, గొంతు, నవ్వు చాలు. నాకు 52 ఏళ్ళు, ఎంతమందిని చూశాను! నా మాట వద్దంటే సైన్సు ఉంది. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొసిన్‌స్కీ, వాంగ్ కంప్యూటరుకు ఫొటోలు చూపిస్తే, మగవాళ్ళ విషయంలో 81 శాతం సరిగ్గా చెప్పింది.

చింతచిగురు: వార్త శీర్షిక చదివి ఆగిపోతే ఇలాగే ఉంటుంది. అక్కడ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టారు. ఒకటి గేది, ఒకటి కాదు. ఏది ఎవరిదో చెప్పాలి. కళ్ళు మూసుకుని వేలు పెట్టినా 50 వస్తుంది. అదే పని మనుషులకు ఇస్తే 61 దగ్గర ఆగారు. తమ 52 ఏళ్ళ అనుభవం ఆ 61లోనే ఉంది. పైగా అవి డేటింగ్ సైటులో ఎవరికి వారు ఏరి పెట్టుకున్న ఫొటోలు, అన్నీ తెల్లవాళ్ళవి. కళ్ళజోడు, గడ్డం, కెమెరా పట్టుకున్న కోణం చూసే యంత్రం అలా చెప్పి ఉండవచ్చని విమర్శలు వచ్చాయి.

పాతకాపు: 81 వచ్చిందా, లేదా? అది చెప్పండి.

వేపపూత: స్థానం నరసింహారావు గారు ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామకు జనం విరగబడి వచ్చేవారు. అప్పుడు లేని అనుమానం ఇప్పుడు చెవిపోగు మీద ఎందుకు?

పాతకాపు: వేషం వేరు, స్వభావం వేరు.

వేపపూత: నేను అన్నది ఇంకేమిటి!

బాటసారి: 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో స్వలింగ సంపర్కం నేరం కాకుండా పోయింది కదా, ఇంకా ఎందుకీ గొడవ?

చింతచిగురు: ఎందుకో చెబుతాను. ఏడో తరగతిలో నా గొంతు సన్నగా ఉందని "ఆడంగి" అన్నారు. కబడ్డీ జట్టులోకి రానివ్వలేదు. పది పూర్తయ్యే దాకా అదే పేరు. ఇప్పుడు నాకు భార్య, ఇద్దరు పిల్లలు.

పాతకాపు: పెళ్ళీ పిల్లలూ రుజువేమీ కాదు.

చింతచిగురు: నా సంసారం మీద మాట్లాడే హక్కు మీకు ఎవరిచ్చారు? మాట వెనక్కి తీసుకోండి.

పాతకాపు: మిమ్మల్ని అనలేదు. రుజువు కాదని మా ఇంట్లో తెలుసు. మా చెల్లెలి భర్త ఆరడుగుల మనిషి, కోరమీసం, వాలీబాల్ ఆటగాడు. పెళ్ళయిన ఏడేళ్ళకు చెప్పాడు.

వేపపూత: అంటే మీరు పోల్చుకోలేకపోయారు.

పాతకాపు: సంబంధం విచారించడానికి వెళ్ళింది నేనే. జీతం అడిగాను, పొలం అడిగాను, గోత్రం అడిగాను. ఏదో ఒక గుర్తు ఉండే ఉంటుంది. నాకు కనపడలేదు.

తెల్లకలువ: ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయలేదు. అతను ముందే చెబితే మీరు కాఫీ తాగి మర్యాదగా లేచేవారా, ఊరంతా చెప్పేవారా? నేను మూడు సంబంధాలు తప్పించుకున్నాను. ఇంట్లో చెప్పిన రోజు మా నాన్న నన్ను భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు.

పాతకాపు: భయం మీది సరే. ఏడేళ్ళు మా చెల్లెలివి. వాటి సంగతి?

తెల్లకలువ: దానికి నా దగ్గర జవాబు లేదు.

కృష్ణాతీరం: ఇవాళ ఆ కుర్రవాడు భోజనానికి మా బల్ల దగ్గరికి రాలేదు. చెవికి పోగు కూడా లేదు.