ముత్తాతగారి వెండి పతకం యుద్ధానిదా, ఉద్యోగానిదా?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. మా ఊరి ఇంట్లో భోషాణం సర్దుతుండగా, పాతకాలపు వెండి రూపాయి కంటే ఒక పిసరు పెద్దదైన, నల్లబడిన పతకం దొరికింది. ఒకవైపు ఐదవ జార్జి తల, రెండోవైపు దిసమొలతో ఉన్న మగమనిషి బొమ్మ ఉన్నాయి. ముత్తాతగారు మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లివచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు గాని, కాగితాల ప్రకారం ఆయన కలెక్టరు కచేరీలో డఫేదారుగా, అంటే బంట్రోతుల పెద్దగా, చేసి పింఛను పుచ్చుకున్నారు. ఇది ఏ పతకం? చింతపండుతో తోమితే అక్షరాలు తేటపడతాయా?

జవాబు: అయ్యా, ముందు ఆ చింతపండు పక్కన పెట్టండి. తోమితే నలుపుతోపాటు అంచు మీది సన్నని చెక్కుడు అక్షరాలూ అరిగిపోతాయి, మీకు కావలసిన ఆధారమేమో ఆ అంచు మీదే ఉంటుంది. ఇక బొమ్మ సంగతి. 1914–18 యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ మీద కూడా నగ్నపురుషుడే ఉంటాడు, అందుకే చాలామంది పొరబడతారు. అయితే అతడు గుర్రం మీద ఉంటాడు, పక్కన ఆ రెండు సంవత్సరాల అంకెలు కూడా కనిపిస్తాయి. మీ పతకం మీది మనిషి పని ముగించి కూర్చుని సేదదీరుతున్నట్టుండి, ‘ఫర్ ఫెయిత్‌ఫుల్ సర్వీస్’ అనే ఇంగ్లీషు మాటలు ఉంటే అది ఇంపీరియల్ సర్వీస్ మెడల్. ఏడవ ఎడ్వర్డు 1902లో దీన్ని నెలకొల్పాడు. పై తరగతి గుమాస్తాలకూ అధికారులకూ అదే పేరుతో ‘ఆర్డర్’ అనే పై స్థాయి గౌరవం ఉండేది. తపాలా జవాన్లు, బంట్రోతులు వంటి కింది ఉద్యోగులకు, సాధారణంగా 25 ఏళ్ల సేవ తరువాత, పదవీ విరమణ వేళ ఈ మెడల్ ఇచ్చేవారు. మొదట్లో నక్షత్రాకారంలో ఉండేది, 1920 నుంచి గుండ్రని వెండి బిళ్లగా మారింది. డఫేదారుకు వచ్చిందంటే ఆశ్చర్యమేమీ లేదు.

ప్రశ్న: ధన్యవాదాలండీ. భూతద్దంతో చూశాను, గుర్రం లేదు, మనిషి కూర్చునే ఉన్నాడు. అంచు మీద ఇంటిపేరు పొడి అక్షరం, తరువాత ‘వెంకట’ వరకు కనబడింది. రిబ్బను చీలికలై ఉంది. అమెరికాలో ఉన్న తమ్ముడు తనకు పంపమంటున్నాడు.

జవాబు: అంచు మీద సైనికుడి నంబరు, పటాలం పేరు లేకపోవడం కూడా ఇది ఉద్యోగపు పతకమేనన్న మాటను బలపరుస్తుంది. రిబ్బనులో ఎరుపు, నీలం, ఎరుపు చారలు సమానంగా ఉన్నాయేమో చూసి, చీలికలను పారేయకుండా దానితోనే ఉంచండి. వెండి ధర కట్టించుకుని అమ్మడం మాత్రం శుద్ధ తెలివితక్కువ. మీది బ్రిటిషు కాలపు మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని జిల్లా అయితే, సర్వీసు వివరాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు, పింఛను కాగితాల్లోని పేరు, కచేరీ, విరమణ సంవత్సరం జతచేసి ఉత్తరం రాయండి. తమ్ముడికి పంపే ముందు మరో సంగతి: నూరేళ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టం కింద పురావస్తువుగా లెక్కకు రావచ్చు, అలాంటిదాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. భారత పురావస్తు సర్వేక్షణ శాఖను అడిగి తేల్చుకునేదాకా ఫొటోలు పంపితే సరిపోతుంది.