డాక్టరు చదివినవాళ్లు వ్యోమగామి కావచ్చా?

నెల్లూరు_నాన్న:
మా అమ్మాయి ఎంబీబీఎస్ మూడో ఏడాది. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడల్లా మేడెక్కి చూస్తూ పెరిగింది. ఇప్పుడు తనే అంతరిక్షంలోకి పోతానంటోంది. "డాక్టరు చదువుతూ ఇదేందమ్మా" అంటున్నారు బంధువులు. నాకు మాత్రం కాదనాలని లేదు. అసలు దారి ఉందా?

కావలి_డాక్టర్:
ఉందండీ, పాత దారే. 1964లోనే సోవియట్ డాక్టరు బోరిస్ యెగోరోవ్ వెళ్లొచ్చారు. అమెరికా వ్యోమగామి మే జెమిసన్ గురించి అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ముందు కెమికల్ ఇంజినీరింగ్, తర్వాత 1981లో మెడిసిన్ పట్టా. ఆపైన సియెర్రా లియోన్, లైబీరియాల్లో పీస్ కోర్ (అమెరికా స్వచ్ఛంద సేవా సంస్థ) వైద్యాధికారి. 1987లో నాసా ఎంపిక చేసింది, 1992లో ఎండీవర్ అనే స్పేస్ షటిల్‌లో వెళ్లారు.

ఆమె ఆఫ్రికాలో చేసిన ఉద్యోగమే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. నేను ఉదయగిరి వైపు పీహెచ్‌సీలో పనిచేశాను. రాత్రిపూట పాము కరిచిన మనిషిని తెస్తే స్పెషలిస్టు ఫోన్‌లోనే దొరికేవారు, చేతిలో ఉన్న మందులతోనే మొదలుపెట్టాలి. అంతరిక్ష కేంద్రంలోనూ ఇదే పరిస్థితి. ఒక వ్యోమగామికి మెడ సిరలో రక్తం గడ్డకడితే, కింద నుంచి డాక్టర్లు చెబుతుండగా అక్కడే అల్ట్రాసౌండ్ తీశారు. పైన ఉన్న కొద్దిపాటి ఇంజెక్షన్లను, మిగతా మందులు చేరేదాకా సరిపోయేలా వాడారు.

కందుకూరు_సైన్స్‌టీచర్:
వలేరి పొల్యకోవ్‌ని మర్చిపోకండి! ఆయనా డాక్టరే. 1994-95లో రష్యా వాళ్ల మీర్ అంతరిక్ష కేంద్రంలో ఏకబిగిన 437 రోజులు ఉన్నారు. అంగారకుడి దాకా పోయేంత కాలాన్ని మనిషి శరీరం తట్టుకోగలదా అని తన ఒంటిమీదే చూసుకున్నారు. దిగాక సాయం లేకుండా నాలుగడుగులు నడిచి కుర్చీలో కూర్చున్నారు. బరువు తెలియనిచోట తుంటి ఎముక నెలకు ఒక శాతం పైగా తగ్గిపోతుంది కదా, ఆ నాలుగడుగులు మామూలు విషయం కాదు.

ఒంగోలు_అక్క:
అన్నా, ఇక్కడి సంగతి చెబుతా. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే మన గగన్‌యాన్‌కి ముందుగా ఎంపికైన నలుగురూ ఎయిర్‌ఫోర్స్ టెస్ట్ పైలట్లే. అయితే వాళ్లను పరీక్షించి ఎంచింది బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ డాక్టర్లు. నాసాకి అమెరికా పౌరసత్వం తప్పనిసరి, కాబట్టి ఎయిర్‌ఫోర్స్‌లో డాక్టరుగా చేరడమే పాపకి దగ్గర దారి.

నెల్లూరు_నాన్న:
చాలా సంతోషమమ్మా. పీజీ ముందా, ఎయిర్‌ఫోర్స్ ముందా?

ఒంగోలు_అక్క:
మావాడు ఇంటర్న్‌షిప్ కాగానే సైనిక వైద్య సేవల షార్ట్ సర్వీస్‌కి (కొన్నేళ్ల కాలానికి చేసే ఉద్యోగం) అప్లై చేశాడు. వయసు పరిమితి ఉంటుంది, నోటిఫికేషన్ చూసుకుంటూ ఉండమనండి. పీజీ సర్వీసులో ఉండగా కూడా చేయొచ్చు.