నెల సరుకులు వీధి అంగడిలో కొనాలంటే ఏవి కొనాలి, ఎట్లా చూసుకోవాలి? (అనంతపురం)

నెల_చీటీ:
అనంతపురంలో ఉంటాం, ఇంట్లో నలుగురం. నెలకు సోనా బియ్యం ఒక బస్తా, కంది బ్యాళ్లు 4 కిలోలు, మినపగుండ్లు 2, రాగులు 5, బుడ్డలు 2, చింతపండు 1, నూనె 5 ప్యాకెట్లు, ఎండుమిరపకాయలు, పసుపు, బొరుగులు, ఆపైన సబ్బులు, టీపొడి కావాలి. ఇప్పటిదాకా అన్నీ సూపర్ మార్కెట్ నుంచో యాప్ నుంచో వస్తున్నాయి. వచ్చే నెల నుంచి మా వీధి చివరి అంగడికి మారదామని ఇంట్లో అనుకుంటున్నాం. ఏవి అక్కడ కొంటే లాభం, ఏవి వద్దు? రేటు పోల్చేటప్పుడు ఎక్కడ పొరపాటు పడతాం? తూకం నమ్మొచ్చా? ఇంకొకటి, కంది బ్యాళ్లు ఆరు విజిళ్లు వచ్చినా మెత్తబడకపోతే తప్పు సరుకుదా, నీళ్లదా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

మూట_ముడి:
ముందు చీటీని రెండు ముక్కలు చేయండి. మూటలోంచి తీసి తూచి ఇచ్చేవి ఒక ముక్క, కంపెనీ ప్యాకెట్లు ఇంకో ముక్క. మొదటి ముక్క మొత్తం వీధి అంగడికే ఇవ్వండి. విడి సరుకైతే చేతిలోకి తీసుకుని చూడొచ్చు, రెండు గింజలు నోట్లో వేసుకోవచ్చు, బాగలేకపోతే మర్నాడు తీసుకెళ్లి "ఇది వద్దన్నా, మార్చియ్యి" అనొచ్చు. ప్యాకెట్ కోస్తే గానీ లోపల ఏముందో తెలీదు.

కంది బ్యాళ్లు గుప్పెడు తీసి అరచేతిలో గట్టిగా రుద్దండి. చేతికి పసుపు రంగు అంటుకుంటే రంగు వేశారేమోనని అనుమానించండి. వాటి మధ్యలో మూలలు తేలి నలుచదరంగా, ఒకవైపు వాలుగా ఉన్న పలుకులు కనిపిస్తే కేసరి పప్పు కలిసినట్టు, ఆ మూట ముట్టుకోవద్దు. ఆవాల్లో అయితే రెండు మూడు గింజలు గోటితో నలిపి చూడండి. మంచి ఆవగింజ పైన నున్నగా, లోపల పసుపుపచ్చగా ఉంటుంది. పైన గరుకుగా, లోపల తెల్లగా ఉంటే అది ఆర్జిమోన్ అనే విషపు గింజ.

బుడ్డల దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. ముడుచుకున్నవి, పొట్టు నల్లబడ్డవి, కొరికితే చేదు తగిలేవి గుప్పెట్లో నాలుగైదు కనిపించినా ఆ మూట వదిలేయండి. బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ చేరుతుంది, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. శెనక్కాయ పండే జిల్లాలోనే ఉన్నాం కాబట్టి కాయలు దొరికే రోజుల్లో కాయలే కొని ఇంట్లో ఒలుచుకుంటే ఇంకా మంచిది. తొక్కలో ఉన్న గింజ నూనె వాసన పట్టకుండా ఎక్కువ కాలం ఉంటుంది.

చింతపండు నెలనెలా కొనే వస్తువు కాదు. వేసవిలో కొత్త పండు వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా తీసుకోండి. హిందూపురం మార్కెట్లో దీన్ని కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలుగా అమ్ముతారు, కరిపులి రేటు ఎక్కువ. మీ అంగడాయన్ను "ఇది ఏ రకం" అని అడిగితే చెప్తాడు. కొత్తది ఎర్రగా, గోధుమరంగులో ఉంటుంది, పాతది నల్లబడుతుంది. గింజ, పీచు తీసి, ఒక ఎండ చూపించి, కిలోకు గుప్పెడు రాళ్ల ఉప్పు చొప్పున కలిపి జాడీలో అదిమి పెడితే ఏడాది నిలుస్తుంది.

ఇక బొరుగులు. ఒక్కటి వేళ్ల మధ్య నొక్కితే కరుక్కున విరగాలి. సాగినట్టు అణిగితే తేమ పట్టింది. అట్లాంటివి ఉగ్గానికి నీళ్లలో వేయగానే ముద్దయిపోతాయి, పిండేటప్పుడు గంజిలా జారతాయి. బొరుగులు రోజూ అమ్ముడుపోయే అంగడి ఏదో చూసుకుని అక్కడే తీసుకోండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అంగట్లో సరుకు తాజాగా ఉండేదీ లేనిదీ మూట ఎన్ని రోజులకు ఖాళీ అవుతుందనే దాని మీదే ఉంది. ఇరవై ఇళ్లవాళ్లు నెలకు నాలుగేసి కిలోల బ్యాళ్లు కొంటే 50 కిలోల మూట ఇరవై రోజులు కూడా ఉండదు. అవే ఇళ్లు బ్యాళ్లు యాప్‌లో తెప్పించుకుని, అంగడికి అగ్గిపెట్టె కోసం, పాల ప్యాకెట్ కోసం మాత్రమే పోతే ఆ మూట మూణ్ణెల్లు మూలన ఉండి పురుగు పడుతుంది. ఆ తర్వాత వీధి అంగట్లో సరుకు బాగుండదని మళ్లీ మనమే అంటాం. అందుకే అన్నీ అక్కడే కొనలేకపోయినా విడి సరుకు మాత్రం విడవకుండా ప్రతి నెలా అక్కడే కొనండి.

కిలో_లెక్క:
రేట్ల సంగతి చెప్తా. పోల్చేది ప్యాకెట్ రేటు కాదు, కిలో రేటు.

బియ్యం బస్తాతో మొదలుపెడదాం. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ బరువుతో ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, బ్యాళ్లు, పిండ్ల మీద 5 శాతం జీఎస్టీ ఉంది. తూచి ఇచ్చే విడి సరుకు మీద లేదు. 26 కిలోల బస్తాలు వచ్చింది అందుకే. ఉదాహరణకు 25 కిలోల బస్తా 1,400 రూపాయలు, 26 కిలోల బస్తా 1,430 అనుకోండి. చూడ్డానికి మొదటిది చౌక. కిలో లెక్క కడితే మొదటిది 56, రెండోది 55. బస్తా మీద బరువు చదవకుండా రేటు ఒక్కటే చూస్తే ఇక్కడే దెబ్బతింటాం.

నూనెది ఇంకో రకం చిక్కు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. దాని పక్కనే 850 గ్రాముల ప్యాకెట్ ఉంటుంది, కంటికి రెండూ ఒకటే. 910 గ్రాములది 145, 850 గ్రాములది 138 అనుకుంటే ఏడు రూపాయలు మిగిలినట్టు అనిపిస్తుంది. లెక్కేస్తే కిలో 159, 162 పడతాయి, తక్కువ రేటు ప్యాకెటే ఖరీదు. ఈ తలనొప్పి లేకుండా ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో యూనిట్ సేల్ ప్రైస్ అని ముద్రించాలని నిబంధన ఉంది. అక్షరాలు చిన్నవే, అయినా వెతికి చదవండి. సూపర్ మార్కెట్ ఆఫర్ అయినా, అంగట్లో తగ్గింపు అయినా పోల్చాల్సింది ఆ అంకెనే.

సబ్బులు, టీపొడి, బిస్కెట్ల మీద చిన్న అంగడికి మిగిలేది తక్కువ. పెద్ద దుకాణాలు లారీ లెక్కన కొంటాయి కాబట్టి వాటిలో తగ్గించగలవు. ఆ ముక్క మీరు సూపర్ మార్కెట్లో కొన్నా తప్పులేదు. కానీ నెల చీటీ మొత్తం ఒకేసారి ఇస్తే చాలామంది అంగడివాళ్లు ఎమ్మార్పీ మీద ఎంతో కొంత తగ్గిస్తారు, ఇంటికీ చేరుస్తారు. అడగండి. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో కడితే అంగడాయనకు చార్జీ ఏమీ పడదు, ఫోన్‌లో కట్టడానికి సంకోచించొద్దు.

తూకానికి వద్దాం. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏడాదికోసారి తనిఖీ చేసి ముద్ర వేయాలి. ఆ ముద్రలో సంవత్సరం, ఏ త్రైమాసికమో చెప్పే అక్షరం ఉంటాయి, ధ్రువపత్రం అంగట్లో కనిపించేలా పెట్టాలి. కాటా అంకెలు మీకు కనపడాలి. తూచేముందు సున్నా ఉందా, డబ్బాలో తూస్తే డబ్బా బరువు తీసేశాడా అన్నది చూడండి. అనుమానమొస్తే గొడవ అక్కర్లేదు, అక్కడే ఉన్న కిలో ఉప్పు ప్యాకెట్ కాటా మీద పెట్టించండి. కవరు బరువుతో కలిపి కిలో మీద కాస్త ఎక్కువే చూపాలి. కిలోకి తక్కువ చూపితే ఇంకో ప్యాకెట్ పెట్టండి. అదీ తక్కువే అయితే కాటాను అనుమానించాలి. అడిగినా సరిచేయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు.

బ్యాళ్ల_చారు:
మెత్తబడని బ్యాళ్ల గురించి. రెండు కారణాలూ ఉంటాయి, మన ఊళ్లో నీళ్లదే ఎక్కువ పాలు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. పలుకులో కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను అవి పట్టుకుని బిగిస్తాయి, ఎన్ని విజిళ్లొచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. రెండో కారణం పాత సరుకు. ఏడాది దాటి, అదీ వేడిలో నిల్వ ఉన్న బ్యాళ్లు మంచినీళ్లలో కూడా మొండికేస్తాయి.

తేల్చుకోవడానికి ఇట్లా చేయండి. ఒకే మూటలోని బ్యాళ్లు అర గ్లాసు తీసి ఫిల్టర్ (ఆర్వో) నీళ్లతో, ఇంకో అర గ్లాసు బ్యాళ్లు బోరు నీళ్లతో వేర్వేరు గిన్నెల్లో పోసి ఒకే కుక్కర్లో పెట్టండి. ఫిల్టర్ నీళ్లవి ఉడికి, బోరు నీళ్లవి ఉడక్కపోతే సరుకు బాగుంది. రెండూ ఉడక్కపోతే అంగడికి వాపసు.

నీళ్లదే తప్పయితే అరగంట నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, ఫిల్టర్ నీళ్లు పోసి వండండి. చింతపండు, టమోటా బ్యాళ్లు ఉడికాకే వేయాలి. పులుపు ముందే పడితే తొందరగా మెత్తబడవు. వంటసోడా చిటికెడు వేస్తే ఉడుకుతాయి గానీ బి1 విటమిన్ పోతుంది, దాని జోలికి పోకపోవడమే మంచిది.

మీ వీధి అంగడి విలువ ఇక్కడే తెలుస్తుంది. మీరు తాగే నీళ్లే ఆ వీధిలో అందరూ వాడేది. "ఈ మూట బ్యాళ్లు ఉడకట్లేదన్నా" అని ముగ్గురు చెప్తే అంగడాయన రెండోసారి ఆ సరుకు తేడు. ఎక్కడో గోడౌన్‌లో ప్యాక్ చేసేవాళ్లకు మన బోరు నీళ్లు ఎట్లా ఉంటాయో తెలిసే దారే లేదు. కాబట్టి బాగున్నా, బాగలేకున్నా చెప్పండి. కొత్త మూట విప్పినప్పుడు ముందు అర కిలో తెచ్చుకుని వండి చూసి, తర్వాతే మిగతా మూడున్నర కిలోలు తీసుకోండి.

పద్దు_పుస్తకం:
పైన చెప్పినవాటితో నాకు పేచీ లేదు, కానీ అంగట్లో కొనకూడనివి ఎవరూ రాయలేదు.

విడి నూనె వద్దు. డబ్బాలోంచి కొలిచి పోసే నూనె అమ్మకం ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషిద్ధం, అందులో ఏం కలిసిందో కనిపెట్టడం ఇంట్లో కుదరదు. విడి కారంపొడి, పసుపుపొడి కూడా అంతే, పొడి మసాలాలు ప్యాక్ చేసే అమ్మాలి. మిరపకాయలు, పసుపు కొమ్ములు విడిగా కొని పిండి మిషన్‌లో పట్టించుకోండి. మిరపకాయలకు తొడిమలు తీసి రెండు రోజులు గట్టి ఎండ పెట్టాలి, చేత్తో నలిపితే గలగలమని విరగాలి. మెత్తగా ఉండగా పట్టిస్తే మిషన్‌లో చుట్టుకుని కారం ముద్ద కడుతుంది, నెల తిరక్కముందే బూజు వస్తుంది. రంగు కోసం బ్యాడిగి, ఘాటు కోసం గుంటూరు, సగం సగం కలిపితే కూరకు సరిపోతుంది.

ఫ్రిజ్ సరుకు చూసి కొనండి. కొన్ని అంగళ్లలో రాత్రి తాళం వేసేటప్పుడు ఫ్రిజ్ ఆపేస్తారు. పెరుగు ప్యాకెట్ ఉబ్బి ఉన్నా, ఐస్‌క్రీమ్ కప్పులో పైన మంచు పెంకు కట్టినా అక్కడ చల్లని వస్తువులు కొనొద్దు. ఎవరో ఒకరిద్దరు మాత్రమే అడిగే ఓట్స్, బేకింగ్ పౌడర్ లాంటివి తేదీ చూడకుండా తీసుకోవద్దు.

అంగట్లో అప్పు ఖాతా పెడితే పుస్తకాలు రెండు ఉండాలి, ఒకటి మీ దగ్గర, ఒకటి అంగట్లో. తేదీ, వస్తువు, బరువు, రేటు నాలుగూ రాయించండి. మొత్తం ఒక్కటే రాస్తే నెలాఖరున రేటు దగ్గర మాట తేడా వస్తుంది, మంచి సంబంధాలు చెడేది అక్కడే. జీతం వచ్చిన వారంలోపు తీర్చేయండి. అంగడాయన కూడా పాతూరులో హోల్‌సేల్ వాళ్లకు వాయిదాల మీద కట్టాల్సినవాడే. మన బాకీ రెండు నెలలు లాగితే ఆయన చేతిలో డబ్బు ఉండదు, మంచి రకం తేలేక తక్కువ రకం తెస్తాడు, దాన్ని తినేదీ మనమే.

నెల_చీటీ:
అందరికీ చాలా థ్యాంక్స్. రెండే అడుగుతా. సోనా కొత్తవా పాతవా ఎట్లా గుర్తుపట్టాలి? రాగులు ఒకేసారి 5 కిలోలు పట్టించొచ్చా?

కిలో_లెక్క:
సోనా అని మన దగ్గర అమ్మేది ఎక్కువగా బీపీటీ 5204 రకం, 1986లో బాపట్ల నుంచి వచ్చిన వంగడం. గింజ కొరికి చూడండి. పాతది టక్కుమని విరుగుతుంది, రంగు కాస్త మీగడలా ఉంటుంది. కొత్తది తెల్లగా ఉండి పళ్లకు అంటుకుంటుంది. కొత్తవాటికి గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు చాలు, పాతవాటికి రెండున్నర పడుతుంది. కొత్త బియ్యానికి పాతవాటి రేటు కట్టకండి. బస్తా కుట్టు విప్పే ముందే పక్కన చిన్న రంధ్రంలోంచి పది గింజలు తీయించుకోండి.

మూట_ముడి:
రాగులు గింజగా ఉంటే ఏళ్లు నిలుస్తాయి, పిండి అంత కాలం ఉండదు, పాతబడితే చేదెక్కుతుంది. రెండున్నర కిలోల చొప్పున రెండుసార్లు పట్టించండి. కడిగి, మట్టిబెడ్డలు అడుగుకు దిగాక పైనుంచి గింజ దేవి, నీడలో ఒక రోజు, ఎండలో ఒక రోజు ఆరబెట్టి పంపండి. మిషన్ దగ్గర మీకంటే ముందు ఏం పట్టారో అడగండి, కారం పట్టిన వెంటనే అయితే ఇంకొకరి పిండి అయ్యేదాకా ఆగండి. పట్టిన పిండి వేడి చల్లారేదాకా పళ్లెంలో పరిచి, ఆ తర్వాతే డబ్బా మూత పెట్టండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది.