చోడి అంబలి పేజీ నమ్ముకుని ఉద్యోగం మానేయొచ్చా? ఎల్లా మిల్స్ కెరీర్ చూసి అడుగుతున్నా

గజపతినగరం_అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. విజయనగరంలో ఒక ప్రైవేట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, సాయంత్రం ఇంటికొచ్చాక ఇన్‌స్టాలో చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), సామలతో వంటల పేజీ నడుపుతున్నా, కొత్త వంటలేం కాదు మా అమ్మమ్మ చేసే చోడి అంబలి, ఉలవ గుగ్గిళ్లు లాంటివే, ఫాలోవర్లు బానే పెరుగుతున్నారు. ఈమధ్య లండన్ ఆవిడ ఎల్లా మిల్స్ గురించి చదివా. డెలీషియస్లీ ఎల్లా అని ఒక బ్లాగుతో మొదలెట్టి పుస్తకాలు, యాప్, సూపర్‌మార్కెట్లలో ప్యాకెట్లు దాకా వెళ్లి 2024లో ఆ బ్రాండుని స్విట్జర్లాండ్ హీరో గ్రూప్‌కి అమ్మింది. అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. ఉద్యోగం మానేసి పూర్తిగా దీనిమీదే కూర్చుంటే మనవైపు నుంచి అలాంటిది అవుద్దంటారా? ఇంట్లో అడిగితే "ఏటే, అంబలి అమ్ముకుంతావా" అని నవ్వుతున్నారు.

పలాస_జీడిపప్పు:
చెల్లీ ఇప్పుడే మానేయకు. మాది పలాస, హైదరాబాద్‌లో బ్రాండ్ మార్కెటింగ్‌లో ఉన్నా, ఆవిడ కథ మా ఆఫీసులో తెగ చెప్పుకుంటారు గానీ సగమే చెప్తారు. 2011లో యూనివర్సిటీలో చదువుతుండగా ఆవిడకి పాట్స్ అనే జబ్బు వచ్చింది, లేచి నిలబడితే గుండె దడదడలాడి కళ్లు తిరిగే రకం, మందులతో పెద్దగా గుణం కనపడక తిండి మార్చుకుంది, వంట కూడా సరిగ్గా రాని మనిషి అలా నేర్చుకుంటూ 2012లో బ్లాగు మొదలెట్టింది. మొదటి పుస్తకం 2015లో గానీ రాలేదు. అంటే మధ్యలో ఏళ్ల తరబడి వంటలు రాయడమే పని, జనం అలవాటు పడ్డారు కాబట్టి పుస్తకం రాగానే ఎగబడి కొన్నారు. అదే ఏడు కాబోయే భర్తతో కలిసి లండన్‌లో డెలీ (వండిన తిండి అమ్మే చిన్న కొట్టు) తెరిచింది, తరవాత ఇంకొన్ని తెరిచి కొన్ని మూసేశారు కూడా. 2016లో ఖర్జూరం, గింజపప్పులతో ఎనర్జీ బాల్స్ అని చిన్న ఉండలు ప్యాకెట్లలో దించారు, మనకి నువ్వుల చిమ్మిలి ఉండలు లేవా, అలాంటివే అనుకో. హీరో గ్రూప్ డబ్బు పెట్టింది ఈ ప్యాకెట్ల వ్యాపారం చూసే, బ్లాగు ఒక్కటే ఉండుంటే ఆ బేరం వచ్చేది కాదు.

చెప్పని సగం ఏంటంటే వాళ్లమ్మది సెయిన్స్‌బరీ కుటుంబం, ఇంగ్లండ్‌లో పెద్ద సూపర్‌మార్కెట్ల వాళ్లు, నాన్న మంత్రిగా చేశాడు. ఆవిడ కష్టపడలేదని కాదు, పడిపోతే పట్టుకునేవాళ్లు ఉన్నారు, మనకి నెల జీతమే ఆ పట్టుకునేది. ఇంకోటి, భర్త ఫైనాన్స్ నుంచి వచ్చినవాడు, లెక్కలన్నీ ఆయన చూశాడు. నువ్వు అకౌంట్స్ మనిషివి కాబట్టి ఆ పని నీ చేతిలోనే ఉంది, వంటల పేజీలు నడిపేవాళ్లలో చాలామందికి లేనిదే అది.

యూట్యూబ్ కూడా పెట్టు, 1000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4000 గంటల వాచ్ టైమ్ ఉంటే యాడ్ డబ్బులు మొదలవుతాయి, కాకపోతే వాటితో ఇల్లు గడవదు.

పిండిమర_చీపురుపల్లి:
పైన బాబు చెప్పింది కరెక్టే, నేను సరుకు సంగతి చెప్తానమ్మా. ప్యాకెట్ల దాకా వస్తే గంటె పిండితో మాత్రం మొదలెట్టకు. గంటెల్లో నూనె ఎక్కువ, మర ఆడించాక వారం పదిరోజులకే వాసనొచ్చి చేదెక్కిపోద్ది, షాపోడు ప్యాకెట్లన్నీ వెనక్కి పంపేస్తాడు, పేరు పోయేది నీది. చోడి అలా కాదు, నిలవుంటాది. మొలకెత్తించిన చోడి పిండి అయితే ఇంకా మంచి బేరం. రాత్రి నానబెట్టి తెల్లారి నీళ్లు వంపి గుడ్డలో మూట కట్టాలి, మొలక తెల్లగా సన్నగా కనపడగానే నీడన ఆరబెట్టెయ్యాలి, పొడుగ్గా పెరగనిస్తే పిండి రుచి మారిపోద్ది. గింజ పంటి కింద టక్‌మని విరిగేదాకా ఆరాక దోరగా వేయించి అప్పుడు మరకి తేవాలి. తడి ఉండగా తెస్తే మర రాయికి అంటుకుపోయి నా ప్రాణానికొస్తాది.

ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకు అమ్మడానికి తీసుకోవాల్సిన కేంద్రం అనుమతి) గురించి భయపడకండి, నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం అయితే చిన్న రిజిస్ట్రేషన్ సరిపోయేది, ఫీజు ఏడాదికి 100 రూపాయలు కట్టా, ఇప్పుడు రూలు, ఫీజు ఎలా ఉన్నాయో సైట్‌లో చూసుకోండి. ఆ నంబరు, బరువు, తయారీ తేదీ, అందులో ఏమేం కలిపారో ప్యాకెట్ మీద ఉండాలి.

ఇంకో మాట, మన విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే ఇంద్రావతి, వేగవతి లాంటి చోడి రకాలు తయారయ్యాయి. అక్కడికెళ్లి ఒక వీడియో తీసినోడు నాకింతవరకు కనపళ్లేదు, అందరూ ఆ కీన్వా పొంగలి చుట్టూనే తిరుగుతున్నారు.

సిక్కోలు_డైటీషియన్:
ఒకటి గట్టిగా చెప్పాలండి. వంట చూపించండి, రోగం తగ్గుద్ది అని మాత్రం అనకండి. చోడిలో 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల దరిదాపు కాల్షియం ఉంటుంది, అది చెప్పండి, నిజం కాబట్టి. "షుగర్ పోతుంది" అని ప్రకటిస్తే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందకి వస్తారు. 2023లో కేంద్రం ఆరోగ్య ఇన్‌ఫ్లుయెన్సర్లకి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది, డిగ్రీ ఉంటే చూపించాలి, లేకపోతే నేను డాక్టర్‌కి బదులు కాదని స్పష్టంగా చెప్పాలి.

మా శ్రీకాకుళం జిల్లాలో ఇది మాటవరసకి చెప్పేది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో కిడ్నీ పేషెంట్లు ఉన్నారో తెలిసిందే, కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. రక్తంలో క్రియాటినైన్ పెరిగినవాళ్లలో, అంటే కిడ్నీ పని తగ్గినవాళ్లలో, చాలామందికి పొటాషియం, ఫాస్పరస్ కొలిచి ఇవ్వాలి, అలాంటివాళ్లు వీడియో చూసి పూటకో గ్లాసు చోడి జావ తాగి మా దగ్గరికొస్తున్నారు. "అందరికీ మంచిదే కదమ్మా" అంటారు, ఏం చెప్తాం.

ఎల్లా గారి కథ చదివినవాళ్లు బెల్ గిబ్సన్ కథ కూడా చదవాలి. ఆస్ట్రేలియా అమ్మాయి, ఇంచుమించు అవే రోజులు, క్యాన్సర్‌ని తిండితో నయం చేసుకుంటున్నా అని యాప్ పెట్టి పుస్తకం వేసింది, 2015లో అసలు క్యాన్సరే లేదని బయటపడింది, 2017లో కోర్టు 4 లక్షల 10 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు జరిమానా వేసింది. ఎల్లా కూడా నా జబ్బు నాకిలా అదుపులోకొచ్చింది అనే మొదలెట్టింది, కాకపోతే జబ్బు నిజం, తరవాత్తరవాత మాట కూరగాయలు ఎక్కువ తినండి అన్నదాకా తగ్గించుకుంది. మీరూ అక్కడే ఉండండి.

బొబ్బిలోడు:
ఏటి అందరూ భయపెట్టేత్తన్నారు గుంటని 😀 నానైతే ఒకటే సెప్తాను, మీ అమ్మమ్మని కెమెరా ముందర కూకోబెట్టండి, ఆవిడ మాటాడితే సాలు, మనోళ్లు సూత్తారు.

గజపతినగరం_అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. సరే, ఉద్యోగం ఉంచుకుంటా. డైటీషియన్ గారూ, నా పాత రీల్ ఒకదాంట్లో "కిడ్నీకి మంచిది" అని కామెంట్ పెట్టారెవరో, దానికింద మీరు చెప్పిందే రాసి పిన్ చేస్తా. అమ్మమ్మకి కెమెరా అంటే పడదు, చేతులు మాత్రం తియ్యమంది. పిండిమర అన్నగారూ, గంటెలు పిండి కాకుండా గింజలుగానే ప్యాక్ చేస్తే నిలవుంటాయా?

పిండిమర_చీపురుపల్లి:
గింజలైతే పర్లేదమ్మా, బాగా ఎండాలి, రాళ్లు జల్లెడ పట్టించుకోవాలి, పురుగు చూసుకోవాలి అంతే. ముందు చోళ్లు ఒక ఐదు కిలోలు మొలకెత్తించి తీసుకురండి, ఆడించి చూద్దాం. మధ్యాహ్నం మించితే మర దగ్గర కారం ఆడించేవాళ్లు ఉంటారు, పొద్దున్నే రండి.