'కోంగ్సీ'ని తెలుగులో ఏమందాం?

మలేషియాలోని పినాంగ్ చైనీయుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 'కోంగ్సీ' దగ్గర బండి ఆగిపోయింది. ఇది దక్షిణ చైనా వాళ్ల హొక్కియెన్ భాషలో మాట. 'కోంగ్' అంటే అందరిదీ, 'సీ' అంటే చూసుకోవడం, నడపడం. ఇప్పటి చైనీస్‌లో అవే రెండు అక్షరాలకి అర్థం కంపెనీ. నేనూ కంపెనీ అనే రాసేశాను. తీరా చదువుకుంటే "ఖూ కంపెనీలో తాతముత్తాతలకు ధూపం వేశారు" అని తేలింది! పినాంగ్‌లోని జార్జ్‌టౌన్ నగరంలో ఉన్న ఖూ కోంగ్సీ, చైనాలోని ఫుజియన్‌లో ఒకే ఊరి నుంచి వచ్చిన ఖూ ఇంటిపేరు వాళ్లది. 1901లో కాలిపోతే, ఇప్పుడున్న మందిరం 1906కి పూర్తయింది. గుడీ అదే, కొత్తగా ఓడ దిగినవాడికి అండా అదే. పోనీ 'కుంపిణీ' అందామా?

— కుంపిణీ వద్దండీ, దొరలు గుర్తొస్తారు. పైగా పశ్చిమ బోర్నియోలో కోంగ్సీలది వేరే కథ. హక్కా అనే చైనీయుల్లో బంగారు గనుల వాళ్లు 1777లో లాన్‌ఫాంగ్ కోంగ్సీ పెట్టుకున్నారు. గనిలో వాటాలు వాళ్లవే, పెద్దని ఎన్నుకునేదీ వాళ్లే. 1884లో డచ్చివాళ్లు దాన్ని ఎత్తేశారు. దానికి 'పొత్తు' సరిపోతుంది.

— పొత్తు మంచి మాటే గానీ, పేపర్ల వాళ్లు దాన్ని సీట్ల సర్దుబాటుకి రాసిచ్చేశారు. అదీగాక మనవాళ్లకి ఆ మాటంటే మొదట్నుంచీ అనుమానమే. "పొత్తుల మగడు పుచ్చి చచ్చె" అన్నారు కదా.

— మాది మలేషియాలోని పెరాక్, మూడు తరాల నుంచి ఇక్కడే. మలయ్‌లో కోంగ్సీ అంటే పంచుకోవడం, అంతే. హోటల్లో ఒక ప్లేటు తెప్పించి "కోంగ్సీ" అంటే చెరిసగం తినడం. చైనీస్ పిల్లలైనా, మలయ్ పిల్లలైనా, మా పిల్లలైనా అదే మాట. కట్టడం పని దగ్గర కూలీలుండే రేకుల షెడ్డు 'రుమా కోంగ్సీ'. 'కోంగ్సీ గెలాప్' అంటే మాత్రం రహస్య ముఠా, జాగ్రత్త!

— అయితే నా ఓటు 'పాలు'కి. వాటా అంటే పాలు, పాలు పంచుకుంటాం. ఒకే వంశం వాళ్లు పాలివాళ్లు. వాటా, వంశం రెండూ ఒకే మాటలో ఉన్నాయి, అచ్చం కోంగ్సీలాగే. 'ఖూ పాలివాళ్ల లోగిలి' అనండి. గనికి 'పాలు' చాలు.

— బాగుంది మాస్టారూ! కోంగ్సీని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట పక్కన ఇది రాస్తాను. ఒక్కటే ఇబ్బంది. మా పాలోళ్లతో పదకొండేళ్లుగా గట్టు తగాదా నడుస్తోంది. ఆ మాట రాసినప్పుడల్లా నాకు ధూపం కాదు, కోర్టు వాయిదా గుర్తొస్తుంది.